మెనూలో మేనమామ

ఆ రోజుల్లో పెళ్లి జరిగిపోయాక కూడా ఒక పని మిగిలి ఉండేది: దాన్ని టీవీలో చూడటం. ఇప్పుడైతే తాళి కట్టీకట్టకముందే ఆ ముచ్చట ఫోన్లలో ఊళ్లు తిరిగి వస్తోంది గానీ, అప్పట్లో చుట్టాలంతా మళ్లీ ఒకచోట చేరి, చాపల మీద కూర్చుని, తమ ముఖం ఎప్పుడు కనబడుతుందా అని గంటలకొద్దీ ఎదురుచూసేవారు. క్యాసెట్లు పోయి డీవీడీలు వచ్చిన కొత్తలో ఆ ఎదురుచూపుకు ఒక ఉపాయం దొరికింది. డిస్కు వేయగానే తెర మీద చిన్న చిన్న బొమ్మలు వరుసగా వస్తాయి. రిమోటుతో కావలసిన బొమ్మ మీద నొక్కితే నేరుగా ఆ ఘట్టమే మొదలవుతుంది. దాన్నే మెనూ అనేవారు. పేపర్లో ఉద్యోగం దొరకకముందు నేను మేడ్చల్ బస్టాండు ఎదుట ఒక ఫొటో స్టూడియోలో ఆ మెనూలు చేసేవాణ్ణి. (చేసేవాణ్ణి అనడం కొంచెం ఎక్కువే. చేయబోయి తంటాలు పడేవాణ్ణి.)

స్టూడియో యజమానిని అందరూ ఫోకసన్న అనేవారు. పెళ్లికొడుకు కాస్త కదిలినా "ఫోకస్ పోతాంది, ఫోకస్!" అని అరవడం ఆయన అలవాటు. ఒకరోజు పొద్దున్నే శామీర్‌పేట నుంచి చేపలక్క వచ్చింది. చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. ఆమె చిన్నబిడ్డ పెళ్లికి వీడియో తీసింది మేమే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, నాకు గా గంప కావాలె."

"ఏం గంప అక్కా?"

"మా అన్న నా బిడ్డను గంపల మోసుకచ్చిండు గద, గా గంప. టీవీల ఒక్కపారి ఒత్తంగనే గదే రావాలె. ముందటి లొల్లంత నాకొద్దు."

ఫోకసన్న ముఖం చిన్నబోయింది. కారణం ఉంది. పెద్దబిడ్డ పెళ్లిలోనూ ఆ మేనమామే పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఫోకసన్న కెమెరా బ్యాటరీ అయిపోయింది. క్యాసెట్‌లో పెళ్లికూతురు ఇంట్లో దేవుడికి దండం పెడుతూ ఉంటుంది, మరుక్షణం ఎగిరొచ్చినట్టు మండపంలో కూర్చుని ఉంటుంది. మధ్యలో మేనమామ లేడు. అందరి ముందూ ఆ క్యాసెట్ చూసి, "నేను మోసింది పిల్లనా, గాలినా?" అని లేచి తన ఊరు లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లిపోయిన మనిషి, మళ్లీ చెల్లెలి గడప తొక్కింది చిన్నదాని పెళ్లికే. అదీ పెద్దమనుషులు పోయి బతిమాలితే.

"పదారు రోజుల పండుగకు అన్న వస్తడు. అందరికన్న ముందు గదే సూపియ్యాలె. ఈపారి గిన అలిగిండంటే ఇగ మళ్ల రాడు" అంది చేపలక్క.

ఫోకసన్న నా వైపు తిరిగాడు. "ఇంగ్లీషు సదివినవు గదరా, జల్దీ ఒక మంచి సాఫ్ట్‌వేర్ సూడు."

నేను చదివింది బీకాం. అయినా కాదనలేదు. వెతికితే మూడు దొరికాయి. మొదటిది జీడిమెట్లలో కంప్యూటర్లు బాగుచేసే దోస్తు చూపించినది. దాంతో చేయలేనిది లేదన్నాడు వాడు. నిజమే కావచ్చు. తెరిస్తే తెర నిండా కిటికీలే. ఏ బొమ్మ మీద నొక్కితే ఎక్కడికి పోవాలో, అక్కడినుంచి ఎటు తిరిగి రావాలో అంతా మనమే చెప్పాలి. నేను చెప్పిన తీరుకు గంప మీద నొక్కితే భోజనాలు వచ్చేవి, భోజనాల మీద నొక్కితే అప్పగింతలు వచ్చేవి, అప్పగింతల నుంచి మాత్రం ఎంత నొక్కినా బయటపడలేకపోయేవాళ్లం. ("అప్పగింతలైనంక ఎన్కకు ఎట్లొస్తర్రా? కరెక్టే జేసినవ్" అన్నాడు ఫోకసన్న.) రెండో దానిలో తోరణాలు, తామరపూలు, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. కానీ కొనకుండా వాడుతున్నందుకు దాని కంపెనీ పేరు పెళ్లికూతురు ముఖం మీదుగా ఏటవాలుగా, తహసీల్ ఆఫీసు ముద్రలాగా పడేది. మూడోది డీవీడీ రైటర్ డబ్బాలో ఊరికే వచ్చింది. అందులో ఒక డిజైనులో మంచు కురుస్తుంది, ఇంకోదానిలో దొరల పిల్లలు కేకు కోస్తుంటారు. "శామీర్‌పేటల మంచేందిరా?" అని ఫోకసన్న పరేషాన్ అయ్యాడు. చివరికి ఎర్ర గులాబీల డిజైను ఒకటి ఇద్దరికీ నచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, అందులో ఏది నొక్కితే అదే వచ్చేది. దాన్నే ఖాయం చేశాం.

దానికి రెండే జబ్బులు. తెలుగులో రాస్తే గుణింతాలు ఊడి పక్కన పడేవి, కాబట్టి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, అవీ పొట్టిగా ఉండాలి. 'మేనమామ గంప' పట్టలేదు. 'మేనమామ' కూడా చివర తెగిపోయింది. 'మామ' పట్టింది. ఇక రెండోది, గులాబీల నడుమ 'మెనూ' అన్న మాట బొమ్మలోనే అచ్చయి ఉంది. ఏం చేసినా పోదు. ఉంటే ఉండనీ అనుకున్నాను. చేపలక్కకు చదువు రాదు కాబట్టి బొమ్మ చూసి నొక్కేలా, గంప మోస్తున్న అన్నను అన్నిటికన్నా పైన, ఆ మాట కిందే పెద్దగా పెట్టాను. ఇద్దరం స్టూడియో టీవీలో పదేపదే వేసి చూసుకున్నాం. పైనుంచి కిందికి చదివి చూడాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

పండుగ రోజు డిస్కు పట్టుకుని నేనే వెళ్లాను. మేనమామ అప్పటికే వచ్చి, భుజాన తువ్వాల వేసుకుని, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఏమైందంటే, చేపలక్క సంతోషం ఆపుకోలేక ముందే ఫోన్ చేసి, "అన్నా, మెనూల అందరికన్న ముందు నిన్నే పెట్టిచ్చిన" అని చెప్పేసింది. మా దిక్కు పెళ్లిళ్లలో మెనూ అంటే ఒకటే అర్థం: వంటవాడితో మాట్లాడుకునే వంటకాలు.

"మెనూల నన్ను వెట్టుడేందే? నేనేమన్న కొర్రమట్ట పులుసునా?"

"గది తినే మెనూ గాదన్నా, సూసే మెనూ."

"సూసుడేంది? వాసన సూస్తరా?"

నేను గబగబా డిస్కు పెట్టాను. గులాబీలు విచ్చుకున్నాయి. అత్తగారింట్లో ఇంగ్లీషు చదివి చూపించే అవకాశం వదులుకోలేక కొత్త అల్లుడు గట్టిగా చదివాడు: "మెనూ... మామ!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. మూలన కూర్చున్న ఒక ముసలవ్వ, "బగార అన్నంల మస్తుంటడు" అంది. మేనమామ నవ్వలేదు. లేచి గడప దాకా వెళ్లి, కాలితో చెప్పులు వెతుక్కోసాగాడు. నాకు ఆ మంచు డిజైనే నయం అనిపించింది. చేపలక్క ఆ నవ్వులను గానీ, అన్న లేవడాన్ని గానీ పట్టించుకోలేదు. తెర మీద ఆమెకు కనబడుతున్నది అన్న ఒక్కడే. రిమోటు తీసుకుని ఆ బొమ్మ మీద ఒత్తింది.

డప్పుల మోతతో ఆయన వచ్చాడు. తలపాగా జారి ఒక కన్ను మూసేసింది. మెడ నరాలు తేలాయి. గంపలో పిల్ల నవ్వాపుకోలేక వంగిపోతోంది. ఒక కాలికి చెప్పు వేసుకున్న మనిషి గడప దగ్గర అలాగే ఆగిపోయాడు. ఘట్టం అయిపోయి మళ్లీ గులాబీలు వచ్చాయి. ఈసారి ఎవరూ పైకి చదవలేదు.

"ఇంకోపారి ఒత్తు" అన్నాడు.

ఒత్తింది. చెప్పు విడిచి లోపలికొచ్చి నిలబడి చూశాడు. ఆ తర్వాతిసారికి కూర్చున్నాడు. తెర మీద, గంపకు అడుగున ఆసరాగా పక్కనుంచి గాజుల చెయ్యి ఒకటి వస్తోంది.

"గా చెయ్యెవలదే?"

"నాదే. నీకు నడుం నొప్పి గద."

"నాకు ఎర్కనే లేదు." తువ్వాలతో ముఖం తుడుచుకుని, అల్లుడి వైపు తిరిగాడు. "ఏం అల్లుడా, సదివింది సాలు. మెనూ మామకు ఆకలైతాంది, అన్నం వెట్టుమను."

ఆ సాయంత్రం బస్సులో మేడ్చల్ తిరిగొస్తూ, సరైన సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం వల్లే అన్నాచెల్లెళ్లు కలిశారని గట్టిగా నమ్మాను. (ఆ వయసులో అలాంటివి నమ్మడానికి పెద్ద కష్టపడనక్కరలేదు.) కొన్నాళ్లకు ఫోకసన్న మంచి సాఫ్ట్‌వేరే కొన్నాడు. తెలుగు గుణింతాలు చక్కగా నిలబడేవి, అక్కరలేని మాట ఒక్కటీ ఉండేది కాదు. ఆ రోజుల్లోనే మేనమామ తన కొడుకు పెళ్లి డిస్కు కోసం మా స్టూడియోకు వచ్చాడు. ఆయన పేరు తెలుగులో ముచ్చటగా రాసి చూపించాను.

"గిదేంది? పైన మెనూ ఏది?"

"అది తప్పు పడ్డది మామా, తీసేసినం."

"తప్పేంది? వాడకట్టంత నన్ను గట్లనే పిలుస్తరు. గది లేకుంటే గీ పెండ్లి నా ఇంట్లదని ఎవ్వలు నమ్ముతరు?"

ఇక చేసేదేముంది, ఆయన పక్కన కూర్చుని "జర పైకి, ఇంకింత పెద్దగ" అని చెబుతుంటే, గులాబీలతో సహా ఆ మాటను నా చేతులతో తయారుచేసి పెట్టాను. చూసి ఆయన మురిసిపోయిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ తర్వాత పేపర్లో చేరి ఎన్నో వార్తలకు శీర్షికలు పెట్టాను, కొన్ని బాగున్నాయన్నారు కూడా. కానీ ఆ రెండు మాటలకు దొరికినంత మెప్పు మరి దేనికీ దొరకలేదు. అందులోనూ ఒక మాటే నాది. రెండోది డబ్బాలో ఊరికే వచ్చింది.