మూడు సీట్లు చాలు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. గోదావరిఖనిలో పుట్టి పెరిగాను. బొగ్గుబావిలో ఎవరికో ఎవరో కనిపించారనే కథలు చిన్నప్పటి నుంచీ విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇది కూడా నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆయన బావిలో దిగి పనిచేసేవారు. మా క్వార్టర్ల వరుసలో నాలుగు కుటుంబాలం కలిసి, వేసవి సెలవుల్లో మినీ బస్సు మాట్లాడుకుని వైజాగ్, అరకు వెళ్దామనుకున్నాం. మా ఇళ్లలో ప్రయాణానికి ముందు చూసుకునేది మస్టర్లు, అంటే డ్యూటీ చేసిన రోజులు. అవి సరిపడా పడితేనే ధైర్యంగా సెలవు అడగొచ్చు. ఆయనకు పడ్డాయి. డబ్బే కాస్త తక్కువైంది. అదీ నేను ఏసీ రూము కావాలని పట్టుబట్టినందుకు. పిల్లలిద్దరూ అప్పటిదాకా సముద్రం చూడలేదు. వెళ్లేది ఒక్కసారి, అక్కడ కూడా ఉక్కపోతలో పడుకోవాలా అని నా వాదన.

అందుకని ఆయన ఆదివారం ప్లే డే డ్యూటీ ఒప్పుకున్నారు. సెలవు రోజు కాబట్టి జీతం ఎక్కువ వస్తుంది. ముందు రోజు సాయంత్రం మాటా మాటా పెరిగింది.

"ఒక్క ఆదివారమన్న ఇంట్ల ఉండరాదా?" అన్నాను.

"ఏసీ రూము ఊకెనే ఇస్తరా? గంతగనం ఉంటె మీరు ముగ్గురు పోయి రాండ్రి. నేను డ్యూటీ చేసుకుంట."

తెల్లవారి మాట్లాడకుండానే టిఫిన్ కట్టిచ్చాను. బావిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి దాన్ని ఇంట్లోనే వదిలి ఫస్ట్ షిఫ్టుకు వెళ్ళారు.

పదిన్నరకు రవి ఫోన్ చేశాడు. బజారులో ట్రావెల్స్ ఆఫీసు అతనిది, మా బస్సు బుక్ చేసింది అతనే, మా ఆయనతో బడిలో చదువుకున్నవాడు.

"వదినా, అన్న ఇప్పుడే వచ్చి పోయిండు. తన సీటు తీసెయ్యమన్నడు, మూడు సీట్లు చాలన్నడు. ఇంట్ల లొల్లి గిట్ల అయిందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. డ్యూటీ అని చెప్పి బజారులో తిరుగుతున్నారు, పంతం కొద్దీ నా పరువు కూడా తీశారు అనుకున్నాను.

ఒంటి గంట దాటాక కబురు వచ్చింది. పన్నెండున్నరకు బావిలో పైకప్పు కూలింది. ఆయన దాని కింద పడ్డారు. దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం లేదు.

దినకర్మ అయ్యాక, ఆయనతో పనిచేసే మల్లేశన్నను అడిగాను, ఆ రోజు మధ్యలో పైకి వచ్చారా అని.

"యాడికొస్తడు చెల్లె? దిగినకాడి నుంచి నా పక్కనే ఉన్నడు. పదిన్నరకు ఇద్దరం కూసోని టిఫిన్ తిన్నం. నువ్వు పెట్టిన పులిహోర నాకు గూడ ఇచ్చిండు."

ఆ రోజు నేను పెట్టింది పులిహోరే. బావిలోకి దిగేముందు దీపం తీసుకుని, పైకి వచ్చాక తిరిగిచ్చే లాంప్ రూము రిజిస్టరు కూడా చూపించమన్నాను. ఏడు గంటలకు దీపం తీసుకున్నట్టు ఉంది, తిరిగి ఇచ్చినట్టు లేదు.

రవే పొరబడ్డాడనుకుందామని అతని ఆఫీసుకు వెళ్ళాను. డ్యూటీ బట్టలతోనే వచ్చారని, ముఖమంతా మసి ఉందని, కూర్చోమంటే కూర్చోలేదని చెప్పాడు. సీట్ల కాగితం తీశాడు. మా నాలుగు పేర్లలో ఆయన పేరు కొట్టేసి ఉంది, పక్కన సంతకం. పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద ఏళ్ల తరబడి చూసిన సంతకం. నువ్వే పెట్టావా అని రవిని ముఖం మీదే అడిగాను. అతను ఏడ్చాడు.

అక్కడికి వెళ్ళింది ఎవరో, ఎలా వెళ్ళారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా అందదు. ఒక్కటి మాత్రం తెలుసు. రవి ఫోన్ వచ్చేటప్పటికి ఆయన బతికే ఉన్నారు. బావి ఆఫీసుకు ఫోన్ చేసి, మా ఆయన లోపల ఉన్నారా, పైకి పిలిపిస్తారా అని ఒక్క మాట అడగడానికి నాకు రెండు గంటల టైము ఉండింది. ఆ రెండు గంటలూ నేను ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.