ఖాళీ డబ్బా, వెండెట్టా

అందరూ బాగున్నారా? చెల్లె మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరిదికి షుగర్ ఎలా ఉంది? నాకైతే ఈ రోజు ఒకటే కడుపుమంట.

మనవరాలు మల్కాజ్‌గిరి నుంచి వాళ్ళ నానమ్మ పెట్టిన గోంగూర పచ్చడి తెచ్చింది. నా కూర ముట్టకుండా అదే వేళ్ళు నాకుతూ తిన్నది. ఓర్వలేక ఆ పచ్చడి డబ్బా కడిగి, ఖాళీగానే మనవరాలి సంచిలో పెట్టాను.

"ఉత్త డబ్బా పంపుతరా అమ్మమ్మా? ఇది వెండెట్టా!"

"అంటే ఏందే?"

"రెండిండ్ల నడుమ తరతరాల పగ. ఇటలీ మాట. ప్రతీకారం అనే లాటిన్ మాటకెల్లి పుట్టింది."

"తరతరాలా? నీకు సుత తగుల్తదా?"

"నాకే ముందు తగుల్తది. రెండిండ్ల పిల్లను నేనే కదా!"

వెంటనే డబ్బా బయటికి తీసి, నిండా నువ్వుల లడ్డూలు పెట్టాను. అవి పచ్చడిని మించాలి, అంతే. మీరైతే ఏం పెట్టేవారు? ఆదివారం పొద్దున వియ్యపురాలింటికి నేనే తీసుకెళ్తున్నాను.