మూడు రావాల్సిన చోట నాలుగు గీతలు

కదిరిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. క్లాసులో పదకొండు మంది. వాళ్లలో ఒకాయన నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. డిగ్రీ అయ్యాక హిందూపురం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పదేళ్లు షిఫ్టులు చేసి, చదువు మీద మనసు చావక మళ్లీ వచ్చినవాడు. ఆయన నన్ను మేడం అనేవాడు, నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. మిగతా పదిమందికీ అదొక రోజువారీ వినోదం.

ఆ ఎండాకాలం ప్రోటాన్ ఎన్ఎమ్ఆర్ పాఠం వచ్చింది. ఒక పదార్థాన్ని బలమైన అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగాలతో కదిలిస్తే, అందులోని హైడ్రోజన్లు తాము ఎలాంటి చోట ఉన్నాయో కాగితం మీద గీతలుగా చెబుతాయి. పక్కన వేరే రకం హైడ్రోజన్లు ఉంటే ఆ గీత చీలుతుంది. ఒక పొరుగుంటే రెండు గీతలు, రెండు పొరుగులుంటే మూడు. పొరుగుల లెక్కకు ఒకటి కలిపితే సరి. ఆ ఒక్క సూత్రంతోనే నేను ఎమ్మెస్సీ గట్టెక్కాను. దాని అవతల ఏముందో చూడలేదు. పరీక్షలో అడగలేదు కూడా.

మా కాలేజీలో ఆ యంత్రం లేదు. ఆ గీతల పటాలను, అంటే స్పెక్ట్రాలను, జిరాక్స్ తీయించి పంచేదాన్ని. ఆరోజు పంచింది స్టైరీన్‌ది, అంటే థర్మాకోల్ తయారయ్యే పదార్థం. దాని చివర మూడు హైడ్రోజన్లు ఒకదానికొకటి పొరుగున ఉంటాయి. నేను బోర్డు వైపు తిరిగేలోపు అన్న లేచి నిలబడ్డాడు.

“మేడం, ఈ హైడ్రోజన్‌కు పొరుగులు రెండే కదా?”

“రెండే.”

“అట్లయితే మూడు గీతలు రావాల. ఈడ నాలుగుండాయే?”

పెన్ను మొనతో లెక్కపెట్టి చూశాను. నాలుగే. నోటికి వచ్చిన మాట అనేశాను. “ఏదో మలినం అయ్యుంటుంది అన్నా.”

“మలినమా? పక్కదాన్ని చూడండి, ఆడా నాలుగే. మూడోదాంట్లోనూ నాలుగే. పదేళ్లు మలినాలతోనే బతికినా మేడం. ఇంత పద్ధతిగా వచ్చే మలినాన్ని నేనైతే చూడలేదు.”

క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు, నిజంగానే తెలుసుకోవాలని నిలబడి ఉన్నాడు. సోమవారం చెబుతానని కాగితాలు సర్దుకుని బయటపడ్డాను.

ఆదివారం పొద్దున్నే పుట్టపర్తి బస్సెక్కాను. డిగ్రీలో నాకు కెమిస్ట్రీ చెప్పిన మేడం రిటైరై అక్కడే ఉంటున్నారు. నేను వెళ్లేసరికి వరండాలో చాప పరుచుకుని చింతపండు కొడుతున్నారు. పిక్కలు ఒక చేటలోకి, పండు ఒక గంపలోకి. నేను సంగతంతా చెప్పాను, మలినం మాటతో సహా. ఆమె ఒళ్లు కదిలేలా నవ్వారు.

“బలే చెప్పినావు పో! తెలీకపోతే మలినం. ఏదీ, ఆ కాగితం ఈడ పరుచు. నా చేతులు జిగట, నేను ముట్టుకోను. నువ్వే కొలువు. స్కేలు తెచ్చినావా?”

“లేదు మేడం.”

“స్కేలు ల్యాకుండా స్పెక్ట్రం చదవను వచ్చినావా! ఆ కిటికీలో పెండ్లి కార్డు ఉండాది చూడు. అంచు చించు.”

సన్నటి అట్టముక్క చించాను. మూడు చోట్ల గీతలనూ ఒకే కొలతలో పెద్దవి చేసి అచ్చేసిన కాగితం అది. ఆమె చెప్పినట్టే మొదటి గుంపులో ఒకటో గీతకూ రెండో గీతకూ మధ్య దూరాన్ని అట్టముక్క మీద గుర్తుపెట్టాను. దాన్ని జరిపి మూడు, నాలుగు గీతల మీద పెడితే సరిగ్గా సరిపోయింది. ఒకటికీ మూడుకూ ఉన్న దూరం ఇంకాస్త పెద్దది. అదే దూరం రెండుకూ నాలుగుకూ ఉంది.

“ఎన్ని దూరాలు దొరికినాయి?”

“రెండు. కాగితం కింద అచ్చేసిన కొలతతో చూస్తే ఒకటి పదకొండు హెర్ట్జ్, ఒకటి పదిహేడు.”

“పొరుగులెంతమంది?”

“ఇద్దరు...” అని ఆగిపోయాను. పొరుగులు రెండు, దూరాలూ రెండే.

“ఇద్దరు పొరుగులూ ఒకే తీరుగా చీలుస్తారని నీకెవరు చెప్పినారు? ఒకటి ఎదురుగా ఉండాది, ఒకటి ఇదే పక్కన ఉండాది. ఎవరి దూరం వాళ్లది. ఒక గీత గీయి. దాన్ని పదిహేడుతో చీల్చు. వచ్చిన రెంటినీ పదకొండుతో చీల్చు.”

పెండ్లి కార్డు వెనక గీశాను. ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. కాగితం మీద ఉన్నట్టే.

“ఇప్పుడు రెండు దూరాలనూ సమానం చేసి గీయి.”

గీశాను. ఈసారి నడుమ గీతలు రెండూ వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడే గీతలు, నడుమదానికి ఎత్తు రెట్టింపు. నేను కంఠతా పట్టిన సూత్రం అక్కడ కూర్చుని ఉంది. ఇద్దరు పొరుగులూ సమానమైనప్పుడు మాత్రమే నిజమయ్యే సూత్రం! ఇన్నేళ్లూ దాన్ని అన్నిచోట్లా వాడాను.

“ఇంకోటుండాది. ఆ అట్టముక్కను రెండో గుంపు మీద పెట్టు.”

పెట్టాను. పదిహేడు హెర్ట్జ్ దూరం అక్కడ అచ్చంగా అలాగే ఉంది. మూడో గుంపులో పదకొండు. ఎవరు ఎవరిని ఎంత చీలిస్తే, తిరిగి వాళ్లూ వీళ్లను అంతే చీలుస్తారు. ఎవరికెవరు పొరుగో దూరాలే చెబుతాయి. నేను “మేడం!” అని ఎంత గట్టిగా అరిచానంటే, వీధిలో పోతున్న ఒకామె ఆగి లోపలికి తొంగిచూసింది.

“ఏం కాలేదమ్మా, అర్థమైంది ఆ బిడ్డకు,” అన్నారు మేడం.

మధ్యాహ్నం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని ఆమెతో కలిసి చింతపండు కొట్టాను. పాటలు పాడుకుంటూ కొట్టాను.

సోమవారం క్లాసులో ముందు ఆ మాటే చెప్పాను. “మలినం అన్నది తప్పు. నాకు తెలియక అన్నాను.” ఎవరూ నవ్వలేదు. తలా ఒక కాగితం ముక్క చింపుకోమన్నాను. ఎలా కొలవాలో మాత్రమే చెప్పి, మిగతాది చెప్పకుండా బల్లల మధ్య తిరిగాను. ఫ్యాను ఒక్కటే గరగరలాడుతోంది. ఉన్నట్టుండి అన్న బల్ల మీద చరిచాడు.

“మేడం! ఈడుండే దూరమే ఆడ గూడా ఉండాది!”

ఆ తర్వాత ఇంకెవరూ కుదురుగా కూర్చోలేదు. ఒకరి కాగితం మీదికి ఒకరు వంగారు. రెండో, మూడో గుంపుల్లో జంట గీతలు మరీ దగ్గరగా ఉన్నాయి. అక్కడ దూరం ఒక హెర్ట్జా, ఒకటిన్నరా అని వెనక బెంచీ వాళ్లు గొడవపడ్డారు. పక్క గదిలో లెక్కలు చెప్పే సారు వచ్చి ఏం జరిగిందని అడిగి, తనూ ఒక కాగితం ముక్క తీసుకుని కూర్చున్నాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం మా ఊరి బస్సు కిక్కిరిసి ఉంది. నాకు ముందు సీటు దొరికింది. వెనక అన్నా, మా క్లాసులోని ఇంకో అమ్మాయీ నిలబడి, స్పెక్ట్రాన్ని కిటికీ అద్దానికి ఆనించి వాదించుకుంటున్నారు.

“పెద్ద దూరాన్ని ముందు గీయాలన్నా.”

“ఏది ముందు గీసినా ఆఖరుకు అవే నాలుగు వస్తాయి పాపా. గీసి చూడు.”

ఆ అమ్మాయి పెన్ను తీసింది. ఆ వాదన వాళ్లకే వదిలేసి నేను టికెట్ తీసుకున్నాను. బస్సు కుదుపుల్లో గీతలు వంకరపోతున్నట్టున్నాయి, ఇద్దరూ నవ్వుతున్నారు.

“ఏమప్పా,” అన్నాడు కండక్టర్ వాళ్ల దగ్గరికి వచ్చి, “టికెట్ తీసుకుంటారా, గీతలు గీస్తాంటారా?”

“ఒక్క నిమిషం కండక్టరన్నా,” అంది ఆ అమ్మాయి. “ఇంకొక్క గీత.”