సోయి తప్పింది ఎవరికి

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి జనవరిలో, కరీంనగర్ శివార్లలోని ఒక పాత గ్రానైట్ క్వారీలో నలభై మీటర్ల లోతుకు దిగే పని నాకు అప్పగించారు. జిల్లాలో జలక్రీడలను ప్రోత్సహించాలని ఒక కార్యాలయానికి తట్టింది. సముద్రం లేని లోటును వాననీళ్లు నిండిన క్వారీ గుంత తీర్చగలదని కూడా వాళ్లకే తట్టింది. దాని మీద పది నిమిషాల చిత్రం కావాలన్నారు. తీసేది నేనే, అందులో కనిపించేదీ నేనే. ఒకే మనిషికి ఈ రెండు పనులూ ఇస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. నాకైతే అది సహజమైన ఏర్పాటుగానే కనిపించింది.

అప్పటికి పద్నాలుగేళ్లుగా ఫ్రీడైవింగ్ పోటీల్లో ఉన్నాను. సిలిండర్ లేకుండా, ఒక్క ఊపిరి మీద, తాడు వెంట వీలైనంత లోతుకు వెళ్లి రావడమే ఈ క్రీడ. తాడు చివర ఒక పలక, దానికి అంటించిన చిన్న బిళ్లలు ఉంటాయి. అంత లోతుకు వెళ్లినట్టు రుజువుగా ఒక బిళ్ల పీక్కొని రావాలి. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మా బాపుకు ఇదంతా వివరిస్తే, ఆయన శ్రద్ధగా విని, "నేను దిగితే బొగ్గన్న వస్తుండె. నువ్వు గంత లోతుకు వొయ్యి బిళ్ల దెస్తవా?" అన్నాడు. 'ఫ్రీ' అంటే జీతం ఉండదని అర్థం చేసుకున్నది మా అవ్వ. ఆమె అనుకున్నది మరీ తప్పేమీ కాదు.

మా చుట్టాల దృష్టిలో నేను గజ ఈతగాణ్ణి. ఆ మాట నాకు నామోషీగా ఉండేది. ఎవరైనా నీళ్లలో గల్లంతైతే పోలీసులు పిలిపించేది గజ ఈతగాళ్లను. వాళ్లు తెచ్చేది బిళ్లలు కాదు.

రాజలింగు అలాంటివాడే. మంథని దగ్గర గోదావరిలో చేపలు పడతాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. నా డైవ్‌కు రక్షకుడిగా కార్యాలయం వాళ్లు అతన్ని పంపారు. రక్షకుడి పని చెప్పడానికి తేలిక. డైవర్ తిరిగి వచ్చే దారిలో పదిహేను మీటర్ల దగ్గర ఎదురుపోయి, అతని ముఖం చూస్తూ పక్కనే పైకి రావాలి. ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టుకోకూడదు. నాలుగు రోజుల్లో రాజలింగు నేర్చేసుకున్నాడు. జలాశయం బోటింగ్ దగ్గర లైఫ్‌గార్డు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. ఈ పని సరిగా చేస్తే, నేను మంచి నివేదిక ఇస్తే, అది నీదేనని కార్యాలయం అతనికి చెప్పింది. అతనికి అప్పుడు నలభై నాలుగు. ఆ ఉద్యోగానికి నలభై ఐదు దాటకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని రాయగలిగితే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

ఇక నిబంధన. డైవర్ పైకి వచ్చాక పదిహేను సెకన్లలో మూడు పనులు వరసగా చేయాలి. ముఖానికున్న అద్దం తీయాలి, వేళ్లతో సైగ చేయాలి, 'ఐ యామ్ ఓకే' అనాలి. కరీంనగర్‌లో కూడా ఇంగ్లీషులోనే అనాలి. అన్నీ కుదిరితే న్యాయనిర్ణేత తెల్ల కార్డు చూపిస్తాడు. ఈలోపు ఎవరైనా ముట్టుకుంటే ఎర్ర కార్డు. మా న్యాయనిర్ణేతను పోటీల సంఘం గోవా నుంచి పంపింది. తెలుగు ఒక్క ముక్క రాదు. తెప్ప మీద ఆయన, నీళ్లలో మేమిద్దరం. కార్యాలయం వాళ్లు ఒడ్డున షామియానా కింద, నా ఫొటో ఉన్న ఫ్లెక్సీ నీడలో కూర్చున్నారు.

దిగాను. బిళ్ల తీసుకున్నాను. తిరిగి వస్తూ తాడు మీద పది మీటర్ల గుర్తు చూశాను. ఆ తర్వాత నాకు తెలిసింది వెలుతురు, నా గడ్డం కింద రాజలింగు చెయ్యి. అద్దం అతని చేతిలో ఉంది. నా ముఖం మీద ఊదుతున్నాడు. క్వారీ మొత్తం ప్రతిధ్వనించేలా అతన్ని తిట్టాను. ఎర్ర కార్డు లేచింది.

"సోయి దప్పింది సారు," అన్నాడు రాజలింగు, నా వైపు కాదు, న్యాయనిర్ణేత వైపు చూస్తూ. అదే మాట మూడుసార్లు అన్నాడు.

ఏమంటున్నాడని న్యాయనిర్ణేత నన్ను అడిగాడు. మా దగ్గర సోయి అంటే స్పృహ, ధ్యాస కూడా. ఎవరికి తప్పిందో రాజలింగు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అతనికి కనబడి ఉండదు. కంగారులో తనకే ధ్యాస తప్పి ముట్టుకున్నానని ఒప్పుకుంటున్నాడని నేను అనువదించాను. ఆ క్షణంలో నేను నమ్మింది అదే. స్పృహ తప్పిన డైవర్‌కు తప్పినట్టు తెలియదు. పోయిన సెకన్లు అతని లెక్కలో ఉండవు. ఈ సంగతి నేను పదేళ్లుగా శిష్యులకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతున్నాను.

రాజలింగుకు ఇంగ్లీషు రాదు కనుక తల ఊపాడు. న్యాయనిర్ణేతకు తెలుగు రాదు కనుక రాసుకున్నాడు. కెమెరా చూసి సంగతేమిటో తేల్చమని నాకే చెప్పి గదికి వెళ్లాడు. నిందితుడు, సాక్షి, సాక్ష్యాన్ని భద్రపరిచే అధికారి, ముగ్గురూ ఒకరే అయితే విచారణ ఎంత సాఫీగా సాగుతుందో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం లాడ్జిలో, టీ చల్లారేలోపు ఆ దృశ్యం చూశాను. తాడుకు పది మీటర్ల దగ్గర బిగించిన కెమెరా పైకి చూస్తూ ఉంది. ఆరు మీటర్ల దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. చేతులు జారాయి. నేను కిందికి దిగడం మొదలుపెట్టాను. రాజలింగు ఒక్క మలుపులో నా వెనక్కి వచ్చి, ముక్కూ నోరూ మూసి, పైకి తీసుకుపోయాడు. నా కాళ్లు మళ్లీ కదిలేదాకా పదకొండు సెకన్లు. శిక్షణలో చూపించడానికి అంతకన్నా మంచి దృశ్యం నేను ఇప్పటికీ తీయలేదు.

స్పృహ తప్పిందని రాస్తే మర్నాడు దిగనివ్వరు. డాక్టర్ పరీక్ష కావాలి, చిత్రం ఆగిపోతుంది. అనవసరంగా ముట్టుకున్నాడని రాస్తే మర్నాడు మళ్లీ అవకాశం ఉంటుంది. నివేదికలో "అనవసరంగా ముట్టుకున్నాడు, కంగారు మనిషి" అని రాసి సంతకం చేశాను. ఆ పదకొండు సెకన్లు కత్తిరించాను. మర్నాడు వేరే రక్షకుణ్ణి పెట్టుకొని దిగి తెల్ల కార్డు తెచ్చుకున్నాను. చిత్రం బాగా వచ్చింది. శాలువా కప్పారు. లైఫ్‌గార్డు ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది.

నిరుడు కర్ణభేరి దెబ్బతిని పోటీల నుంచి తప్పుకున్నాను. హార్డ్ డిస్కులు సర్దుతుంటే ఆ ముక్క దొరికింది. దొరికిందంటే పోయిందనుకుంటారేమో. అది ఎక్కడుందో నాకు ఎప్పుడూ తెలుసు. పెద్దపల్లిలో మంథని బస్సెక్కాను.

రాజలింగు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నేనెవరో చెప్పగానే అతని భార్య తలుపు దగ్గరికి వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గీ సారేనా కంగారు మనిషని రాసింది? కూసో సారూ, నిమ్మళంగ కూసో. మా ఇంట్ల కంగారేం లేదు."

కూర్చున్నాను. లాప్‌టాప్‌లో ఆ దృశ్యం చూపించాను. రాజలింగు రెండుసార్లు చూశాడు. ఎడమ చెయ్యి ఇంకొంచెం కింద పట్టి ఉండాల్సిందని తనలోనే తప్పు ఎంచాడు. న్యాయనిర్ణేతకు తన మాటను నేనెలా చెప్పానో అప్పుడు చెప్పాను. అతను వల పక్కన పెట్టాడు.

"మూడుసార్లు జెప్పిన సారు. ఆయినెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. నడుమల నువ్వున్నవ్. మనూరోడే గద, సరిగనే జెప్తడనుకున్న."

నేను క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాను. అది ఎక్కువసేపు సాగకముందే అతని భార్య అందుకుంది. "నిన్ను దీసినందుకు కొలువు వాయె. దియ్యకపోతే ఏమైతుండె?"

"దియ్యకున్నా నన్నే పిలుత్తురు," అన్నాడు రాజలింగు. "రెండు రోజులైనంక గూడ దీసేది నేనే గద."

తర్వాత తనకు ఏం కావాలో చెప్పాడు. క్షమాపణ కాదు. పోలీసులు ఇప్పటికీ పిలుస్తున్నారు. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు కంగారు మనిషివట కదా అని అడుగుతున్నారు. "నువ్వు రాసిన కాయిదం గా ఆఫీసుల ఉన్నది. గది మార్చి రాయి."

మార్చి రాశాను, దృశ్యం జతచేసి. ఆ ఫైలు మూసేశామని, అభ్యర్థికి వయసు కూడా దాటిందని కార్యాలయం మర్యాదగా జవాబిచ్చింది. చిత్రం తొలగించమన్నాను. బాగుంది కదా, ఉండనివ్వమన్నారు. అప్పటి తెల్ల కార్డు రద్దు చేయమని పోటీల సంఘానికి రాస్తే వారంలో రికార్డుల్లోంచి నా పేరు కొట్టేశారు. ఆ వేగం చూసి ముచ్చటేసింది. మార్చి రాసిన కాగితం నకలు ఒకటి రాజలింగుకు ఇచ్చాను. దాన్ని అతను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, పిలిచిన ప్రతిచోటికీ తీసుకుపోతున్నాడు. అది అతనికి ఉద్యోగం ఇవ్వదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. నీళ్లలోంచి తీసిన మనిషిని ఏం జరిగిందని అడగవద్దు, తీసినవాణ్ణి అడగండి. అతని మాట మీకు అర్థం కాకపోతే అనువాదానికి మూడో మనిషిని పిలవండి. రాజలింగు ఆ రోజు నిబంధన ప్రకారమే ముట్టుకున్నాడు. కంగారు పడింది నేను.