లిఫ్టు గుంతలో గంగమ్మ

ముప్పై ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక నా పాత కారును నా చేతులతోనే బాగుచేసుకుంటానని కనిపించినవాళ్లందరితో గొప్పలు చెప్పుకున్నాను. రెండోసారి కారు కిందికి దూరేసరికే నడుము పట్టేసింది. కాళ్లు మాత్రం బయట పెట్టి అరుస్తుంటే నా భార్య వచ్చి రెండు కాళ్లూ పట్టుకుని బయటికి ఈడ్చింది. ఇక నేల మీద వెల్లకిలా పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరే, మనం కిందికి పోలేకపోతే కారునే పైకి లేపుదాం అనుకుని, బెంగళూరులో ఒక లిఫ్టు చూసి పెట్టుకున్నాను. షెడ్డు నేలలో గుంత తవ్వి అందులో కూర్చోబెడితే, పని లేనప్పుడు నేలకు సమంగా ఉంటుంది. మీట నొక్కితే కారుతో సహా లేస్తుంది.

ఇంట్లో చెప్పాను. "గుంతకు కాంక్రీటు వేయల్ల కదా. దాన్ని దినమూ తడపల్ల కదా. నీళ్లు యాడ ఉండాయి?" అంది నా భార్య.

నా మాటే నాకు అప్పగించింది. ఇంట్లో నీళ్లు లేవని రోజూ గొంతు చించుకుంటున్నది నేనే మరి. అనంతపురం శివార్లలో మా కాలనీకి కొళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వస్తాయి. సంపు నిండితే మళ్లీ వచ్చేదాకా సరిపోయేవి. ఐదారు నెలలుగా రెండో రోజు సాయంత్రానికే మోటారు గాలి పీలుస్తోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను పారబోయడం లేదు కాబట్టి ఆమే పారబోస్తోందని తేల్చేశాను. ఏం తెలివి! రోజూ పొద్దున్నే సంపులో కర్ర ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసి, "నిన్న ఏం కడిగినావు?" అని నిలదీసేవాణ్ణి. మోటారు వేసే పని కూడా నా చేతిలోకి తీసుకున్నాను. వాళ్లక్క ధర్మవరం నుంచి నాలుగు రోజులుందామని వస్తే, ఆమెతోనూ "స్నానం కొంచెం చూసి చేసుకో వదినా" అన్నాను. ఆమె మరుసటి రోజు పొద్దున బస్సుకే వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. నా భార్య కళ్లాపి చల్లడం మానేసి, చెంబుడు నీళ్లు చిలకరించి ముగ్గు వేయడం మొదలుపెట్టింది. అయినా సంపు ఖాళీ అవుతూనే ఉంది, నాకు కోపం పెరుగుతూనే ఉంది.

"నా కాంక్రీటుకు ట్యాంకరు తెప్పించుకుంటాలే. నువ్వు వాడేది నువ్వు తగ్గించుకో" అన్నాను. మీట నొక్కి కారు లేపే కలలో ఉన్న మనిషికి పెళ్లాం మొహం ఎక్కడ కనిపిస్తుంది!

మేస్త్రీ వచ్చి షెడ్డులో పరిచిన తాడిపత్రి బండలు లేపి తవ్వడం మొదలుపెట్టాడు. మాది గరుసు నేల, పార పెడితే చేతులు అదురుతాయి. రెండడుగుల దాకా అలాగే ఉంది. సాయంత్రానికి ఉన్నట్టుండి మెత్తబడింది. మేస్త్రీ ఒక ముద్ద తీసి పిసికి నా వైపు చూశాడు.

"సార్, తేమ ఉండాది."

పొద్దున లేచి చూస్తే గుంత మూలలో జానెడు నీళ్లు!

మా వైపు మనుషులకు తప్ప ఈ సంగతి ఎవరికీ అర్థం కాదు. మా కాలనీలో ఎన్ని వందల అడుగులు దింపినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు ఇంటింటికీ ఉన్నాయి. అలాంటి చోట రెండున్నర అడుగులకే నీళ్లు. మేస్త్రీ గుంతలోకి దిగబోయి ఆగి, చెప్పులు విడిచి, "గంగమ్మ సార్!" అని గట్టు తాకి కళ్లకద్దుకున్నాడు. ఎదురింటాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోర్లకు చోటు చూపించే మనిషి. మా స్థలంలో ఎన్నోసార్లు తిరిగాడు. నీళ్లున్న చోట లేచి నిలబడాల్సిన ఆ టెంకాయ ఒక్కసారీ లేవలేదు. ఇప్పుడు మాత్రం, "నేను ఎప్పుడో అనుకున్యానప్పా, ఈడ జల ఉండాదని" అన్నాడు. ఆ టెంకాయే తెచ్చి గుంత గట్టున కొట్టాడు. పసుపు కుంకుమలు పడ్డాయి. వీధి వీధంతా వచ్చి తొంగి చూసి దండం పెట్టుకుని పోయింది.

మరి నేను? చదువు చెప్పినవాణ్ణి కదా, కాస్త ఆలోచించాలి కదా. ఆలోచించాను. లిఫ్టు వద్దని బెంగళూరుకు ఫోను చేసి ఇక్కడే రింగులు దింపి బావి చేయిద్దామా, వీధిలో ఎవరెవరికి బిందె నీళ్లు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని ఆలోచించాను. ఎదురింటాయనకు ఇవ్వకూడదని తీర్మానం కూడా చేశాను.

వీధివాళ్లంతా పోయాక నా భార్య గుంతలోకి దిగింది. దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూసింది. కొంచెం నాలుక మీద వేసుకుంది.

"గంగమ్మ లేదు, ఎవరూ లేరు. బ్లీచింగు వాసన కొడతాండాది. ఈ నేలలో నీళ్లయితే ఉప్పగా ఉండల్ల. ఇవి మన సంపు నీళ్లే."

"నీకేం తెలుసు?" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మేస్త్రీ ఆ పక్క మట్టి గీకాడు. గుంతకు మూరెడు దూరంలోనే సంపు గోడ. గోడకు ఒక పగులు, పగులు నుంచి చెమట పట్టినట్టు నీళ్లు. దాని పక్కనే షెడ్డు ఇనుప స్తంభం. ఆ స్తంభాన్ని నాటింది నేనే. మనిషిని పెట్టుకోవడం దేనికి, ఇంతమందికి పనులు నేర్పినవాణ్ణి ఒక గుంత తవ్వలేనా అని, ఐదారు నెలల కింద గడ్డపార పట్టుకుని మధ్యాహ్నమంతా పొడిచాను. గట్టి రాయి తగిలిందనుకుని ఇంకా బలంగా పొడిచాను. అది రాయి కాదన్నమాట.

మేస్త్రీ పగులు చూశాడు, స్తంభం చూశాడు, నన్ను చూశాడు. "ఎవరు సార్ దీన్ని నాటినోడు?"

"ఎవరోలే" అన్నాను. నా భార్య నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఇంట్లోకి పోయింది.

సంపు పగులు పూడ్పించాను. గుంత ఆరాక కాంక్రీటు వేసి, గోనెసంచులు కప్పి, రోజుకు రెండు పూటలా తడిపాం. తడిపింది ఆమే. "పోయ్, కావలసినన్ని పోయ్" అని పక్కన నిలబడి మహారాజులా అనుమతులిచ్చాను. ఆ కాంక్రీటుకు పోయగా కూడా సంపులో నీళ్లు మూడో రోజు దాకా మిగిలాయి. వీధిలోకి వెళితే చాలు, "ఏమప్పా, గంగమ్మ బాగుండాదా?" అని అడగనివాడు లేడు.

బెంగళూరు నుంచి ఇద్దరొచ్చి లిఫ్టు దింపి, బోల్టులు బిగించి వెళ్లారు. మీట నొక్కాను. కారు మెల్లగా నా తల దాటి లేచింది. నిలబడే దాని అడుగంతా చూడగలుగుతున్నాను! చిన్నపిల్లాడిలా రెండుసార్లు దింపి, రెండుసార్లు లేపాను. ఆ సంబరంలో ఆమెను పిలిచాను. వచ్చి చూసి "బాగుండాది" అంది.

ఇదే సమయమనిపించింది. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోటికి అది వస్తే కదా! ఆ తప్పునూ ఆమె మీదికే నెట్టాను.

"నేను అట్ల అంటాంటే, 'పారబోసేది నేను కాదు' అని నువ్వు గట్టిగా ఒక మాట అనాల్సింది కదా?"

"మొదట్లో అన్యా కదా" అంది, కారు వైపే చూస్తూ. "నువ్వు దినమూ అదే మాట అంటాంటే, రానురాను నేనే పారబోస్తాండానేమో అనుకున్యా. చెంబు సగమే ముంచుతాంటి. మా అక్కకు గూడా అదే చెప్పినా, ఆయనది తప్పు లేదు, నాదే అని."

అని లోపలికి వెళ్లిపోయింది. నేను స్పానరు పట్టుకుని కారు కింద నిలబడి, బిగిసి ఉన్న నట్టునే మళ్లీ మళ్లీ బిగించాను. అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు.