యాయీరు కూతురి జడలు

ఉత్తర స్వీడన్‌లో చలికాలం నేల ఇనుములా బిగుసుకుపోతుంది, గొయ్యి తవ్వలేరు. అప్పుడు పోయినవాళ్లు మంచు కరిగేదాకా చర్చి పక్క కొట్టంలో, శవపెట్టెల్లోనే ఉండాలి. మార్గిత్ కూతురు అన్నిక కూడా అలాగే ఉంది. ఎర్ర ఊలుదారం ఒక జడకే సరిపోతే, రెండో జడను నీలం దారంతో కట్టి, ఆ తల్లే పెట్టె మూత వేసింది.

మంచు కరిగాక అన్నికను పూడ్చిపెట్టారు. ఎండాకాలం వచ్చేసరికి బలిపీఠం పైన కొత్త తైలవర్ణచిత్రం వెలిసింది. బైబిల్లో చచ్చి బతికిన పిల్ల, యాయీరు కూతురు; ఆమె చెయ్యి పట్టుకుని యేసు లెమ్మంటున్నాడు. అందరూ ఆహా అన్నారు. ఆడవాళ్ల వైపు బల్ల మీంచి మార్గిత్ తలెత్తి చూసింది. ఆ పిల్లకు ఒక జడకు ఎర్రదారం, రెండో జడకు నీలం దారం.

ప్రార్థన కాగానే, గంటలు కొట్టే యెర్కర్‌ను వాకిట్లోనే నిలదీసింది.

"మూత ఎవడు తీశాడురా?"

"నేనేనక్కా. స్టాక్‌హోమ్ చిత్రకారుడు చచ్చిన మొహం చూడాలన్నాడు. దేవుడి పనే కదా అని... అయినా మన అన్నిక యేసు పక్కనుంది, సంతోషించాలి గానీ!"

"ఏం సంతోషంరా, సచ్చినోడా! దాన్ని మట్టిలో పెట్టి మనసు రాయి చేసుకున్నాను. ఇక ప్రతి ఆదివారం ఆయన లెమ్మంటూనే ఉంటాడు. అది లేవదు. నేను చూస్తూ కూర్చోవాలి."