సోమమ్మ ముఖానికి తగిన లెన్స్

పదకొండో దినం నాడు భర్త ఫోటోకి పువ్వులు వేయమంటే సోమమ్మ చేయి చాపలేదు. నడింట్లో స్టూలు మీద నిలబెట్టిన ఫ్రేములో నీలం కోటు, ఎర్ర టై కట్టుకున్న తెల్లటి మనిషి ఉన్నాడు. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. బుగ్గల మీద ఒక్క ముడత లేదు.

"గీయనెవరు?" అంది.

"గట్లంటవేందమ్మా? నాయిన. స్టూడియోల మంచిగ సెట్ చేయించిన," అన్నాడు పెద్దకొడుకు ధనరాజ్.

"మీ నాయిన కోటెప్పుడేసిండురా? పరాయి మొగోనికి నేను పువ్వులెయ్యాల్నా?"

చుట్టాలు తలలు దించుకున్నారు. ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. సోమమ్మ చేతిలోని బంతిపూలు పళ్లెంలో పడేసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె భర్త అంతయ్య కర్మాన్‌ఘాట్ దగ్గర నలభై ఏళ్లు ద్రాక్షతోట చేసిన మనిషి. ఎండకు కాగి కాగి మట్టిరంగుకు తిరిగిన ఒళ్లు. తోటలన్నీ ప్లాట్లయిపోయాక కూడా పొద్దున లేవగానే తలకు తువ్వాల చుట్టుకుని, లేని పందిరిని చూడటానికన్నట్టు వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. ఆ మనిషిని నున్నగా గీకి పారేశారు.

మనవరాలు శృతికి ఒళ్లు మండిపోయింది. సగం మంట పెదనాన్న మీద, సగం తన మీద. ఆ ఫ్రేముకు మూలం ఆమె తీసిన ఫోటోయే. శృతి దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులకు ఆన్‌లైన్‌లో పెట్టే బొమ్మలు తీస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిర్రర్‌లెస్ కెమెరా, దానితోపాటు వచ్చిన జూమ్ లెన్స్, ఇవే ఆమె సరంజామా. అక్క పెళ్లిలో అందరూ పట్టాలని ఆ జూమ్‌ను పూర్తిగా వెడల్పు చేసి గ్రూప్ ఫోటో తీసింది. అలా తీస్తే అంచున నిలబడ్డవాళ్ల ముఖాలు సాగిపోతాయి. అంతయ్య ఎప్పుడూ అంచునే నిలబడేవాడు. సాగిన ముఖాన్ని సరిచేయబోయిన స్టూడియోవాడు మనిషినే మార్చేశాడు. రోజుకు అరవై చీరలను దారం దారం కనబడేలా తీసే పిల్ల, ఇంట్లో మనిషిని ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి తీయలేదు.

నాయినమ్మకు మాత్రం ఈ గతి పట్టనివ్వకూడదు. సోమమ్మ నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు ఉన్నాయి. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాటు ఉంది. ద్రాక్షపందిరి తీగ తెగి కొట్టినప్పటిది. స్టూడియోవాడి చేతిలో పడితే మొదట పోయేవి అవే.

నెల మాసికం అయ్యాక శృతి నాయినమ్మను స్కూటీ మీద ఎక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి పాత కెమెరాల కొట్టుకు, ముఖాలు తీసే లెన్స్ కొనడానికి తీసుకెళ్లింది. ఆయనది భీమవరం వైపు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా యాస మారలేదు.

"ఎనభై అయిదు ఎం.ఎం. లెన్స్ తీసుకోండమ్మా. పోర్ట్రయిట్ అంటే అదే. వెనకాలదంతా కరిగిపోద్ది. చర్మం వెన్నలా వచ్చేద్ది."

"వెన్న నాకొద్దు సార్. గీతలు కనబడాలె."

"అదేంటండీ! ఊరంతా గీతలు తీసెయ్యమంటారు, మీరేమో ఉండాలంటారు."

సోమమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి శృతి ఎనభై అయిదు తగిలించింది. కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ చిన్నది కాబట్టి ముఖం ఇంకా దగ్గరికి వచ్చేస్తోంది. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి అద్దాల తలుపు దాటి ఫుట్‌పాత్ మీదికి చేరింది.

"నన్ను కూసోవెట్టి నువ్వేడికి వోతున్నవే? బస్సు గుద్దుతది!" లోపలినుంచి సోమమ్మ కేక పెట్టింది.

మధ్యలో ఇద్దరు మనుషులు, ఒక తోపుడుబండి అడ్డం వచ్చాయి. దూరంనుంచి చూస్తే సోమమ్మ ఆధార్ సెంటర్లో కూర్చున్నట్టు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని బిగుసుకుపోయింది.

చేత్తో ఫోకస్ తిప్పుకునే మరో లెన్స్ ఇంకా చవక. కానీ అది కుదిరేలోపు సోమమ్మ తల ఎటో తిరిగిపోతోంది. మిగిలింది యాభై ఎం.ఎం. లెన్స్. పైన ప్లాస్టిక్, ధర ఎనభై అయిదులో సగం.

"దానికంత పేరు లేదండీ," అన్నాడు భానుమూర్తి, దాపరికం లేకుండా.

"గది చెప్పు, ఎంత?" అంది సోమమ్మ.

"పదకొండు వేలండి మామ్మగారూ."

"గింత గాజుముక్కకా? నీ కొట్ల దుమ్ముక్కూడ రేటున్నదా నాయినా?"

"దుమ్ము ఫ్రీ అండి!"

శృతి అప్పటికే నాలుగు తీసింది. తెర మీద పెద్దది చేసి చూసింది. గాటు పడిన కనుబొమ్మ పైకి లేచి ఉంది. గడ్డం మీద మూడు చుక్కలూ విడివిడిగా ఉన్నాయి. నాయినమ్మతో మాట్లాడుతూ, తిట్లు తింటూ తీయగల దూరం ఇది. ఇంకేమీ అడక్కుండా డబ్బు కట్టేసింది.

మర్నాడు పొద్దున ఎల్‌బీ నగర్‌లోని ఇంటి వసారాలో సోమమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. తుర్కయంజాల్‌లో తన ప్లాట్ల వెంచర్‌కు పోతూ ధనరాజ్ కారు ఆపి లోపలికి వచ్చాడు.

"ఏందే, అమ్మనొక్కదాన్నే తీస్తున్నవ్? గట్ల తియ్యొద్దు. మంచిది కాదు."

"ఏం, నేను సచ్చినంక తీస్తవా?" అని సోమమ్మ కొడుకు మీదికి కళ్లెర్రజేసింది. శృతి బటన్ నొక్కింది.

ధనరాజ్ వంగి తెర చూశాడు. "గీ కోపమేంది? నాకు పంపు. నవ్వు వెట్టిస్త, పచ్చబొట్లు తీపిస్త. యాప్‌ల రెండు నిమిషాల పని."

"పంపను." శృతి కెమెరాను వెనక్కి లాక్కుంది. "తాత ఒకసారి పోయిండు పెద్దనాయినా. రెండోసారి మీరు పోగొట్టిన్రు."

"నోరు మంచిగనే లేస్తున్నది!" ధనరాజ్ ముఖం కందిపోయింది. "నలుగురి ముంగట నాయిన గొప్పగ కనబడాలని చేసిన. గోచితోని నిలవెట్టాల్నా?"

"గోచితోనే నిన్ను సాదిండురా," అంది సోమమ్మ.

ధనరాజ్ కారు తాళాలు గుప్పిట్లో నలిపాడు.

"నవ్వు వెట్టిస్తడంట నవ్వు! నువ్వు నవ్విచ్చే పని చేస్తే నేనే నవ్వుతుంటి గదరా!"

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. కారు కదిలిన చప్పుడు వినబడినా సోమమ్మ రొప్పు తగ్గలేదు.

"మల్ల తియ్యి. వాని మీద కోపంల కొంగు జారింది."

శృతి అయిదడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని ఎడమ కంటి మీద ఫోకస్ పెట్టింది. సోమమ్మ కొంగు సర్దుకుని, గేటు వైపు చూస్తూ కొడుకును తిడుతూనే ఉంది. శృతి తీస్తూనే ఉంది.